జరగని కచేరీ నుంచి పుట్టిన కంపెనీ: కిక్‌స్టార్టర్ ఐడియా ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ అసలు వచ్చే నెల చేద్దామనుకున్నాను. ఒక కామెంట్ వల్ల ముందుకి జరిగింది.

పోయిన నెల స్టార్టప్ ఫండింగ్ మీద ఒక వీడియో చేశాం కదా, దాని కింద ఒకతను ఇలా రాశాడు: "అన్నా, వీడియో బాగుంది. ఇంతకీ మన షార్ట్ ఫిల్మ్ ఏమైంది?" అంతే. పేరు చూస్తే మా కాలేజీ జూనియర్. మామూలుగా ఏ కామెంట్ వచ్చినా హార్ట్ కొట్టేస్తాను. దీనికి మాత్రం రెండు రోజులు ఏం చెయ్యాలో తెలియలేదు.

విషయం ఏంటంటే, 2018లో నేను బీటెక్ ఫైనలియర్. నలుగురం ఫ్రెండ్స్ కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకున్నాం. కెమెరా అద్దె, లైట్లు, భోజనాలు, డబ్బింగ్ అన్నీ లెక్కేస్తే 60 వేలు తేలింది. మా నలుగురి దగ్గర కలిపి 6 వేలు కూడా లేవు. సరే, వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ పెట్టి, "మా సినిమాకి మీరే నిర్మాతలు, ఈ నంబర్‌కి యూపీఐ చెయ్యండి" అని అడిగాం. 41 మంది పంపారు. మొత్తం 23,500 రూపాయలు. ఎవరు ఎంత పంపారో ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను కూడా.

ఇక్కడే తప్పు చేశాం. మిగతాది వచ్చేస్తుందిలే అని కెమెరాకి అడ్వాన్స్ కట్టేశాం. ఐదు రోజుల షూటింగ్. రెండు రోజులు అయ్యేసరికి డబ్బులు అయిపోయాయి. మిగతాది రాలేదు. అంటే సినిమా లేదు, డబ్బులూ లేవు. పరీక్షలు వచ్చాయి, ప్లేస్‌మెంట్లు వచ్చాయి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాం. ఆ 41 మందిలో ఒక్కరు కూడా మమ్మల్ని గట్టిగా అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది అని ఇప్పటికీ అనిపిస్తుంది. కామెంట్ పెట్టిన జూనియర్ అప్పట్లో 500 పంపాడు. హాస్టల్లో ఉండే కుర్రాడికి 500 అంటే ఏంటో హాస్టల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

మేం చేసింది క్రౌడ్‌ఫండింగే. ఆ మాట మాకు అప్పటికే తెలుసు, పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేశాం కూడా. కానీ అందులో ఒక చిన్న రూల్ ఉంది. దాన్ని మేం అసలు పట్టించుకోలేదు. ఆ రూల్ ఎవరికి తట్టింది, ఎందుకు తట్టింది, తట్టాక కంపెనీ అవ్వడానికి ఎన్నేళ్లు పట్టింది, అదే ఈరోజు కథ.

న్యూ ఆర్లీన్స్ వెళ్దాం. అమెరికా దక్షిణాన, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఊరు. జాజ్ సంగీతానికి పుట్టిల్లు. ప్రతి ఏడాదీ ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో అక్కడ జాజ్ ఫెస్ట్ అని పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరంతా జనమే. పగలు ఫెస్టివల్, రాత్రి ఊళ్లో చిన్న చిన్న హాళ్లలో వేరే షోలు.

2001 ప్రాంతంలో ఆ ఊళ్లో పెర్రీ చెన్ అనే కుర్రాడు ఉండేవాడు. సొంతూరు న్యూయార్క్. న్యూ ఆర్లీన్స్‌లో కాలేజీ చదువుకున్నాడు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అంటే పిచ్చి, తనూ చేసేవాడు. బిజినెస్ చెయ్యాలని గానీ, వెబ్‌సైట్ పెట్టాలని గానీ అతనికి లేదు. అతని కోరిక ఒక్కటే. ఆస్ట్రియాలోని వియన్నా నుంచి క్రూడర్ అండ్ డార్ఫ్‌మైస్టర్ అనే ఇద్దరు డీజేలు ఉన్నారు. 2002 జాజ్ ఫెస్ట్ టైమ్‌లో వాళ్లని న్యూ ఆర్లీన్స్‌కి రప్పించి ఒక రాత్రి షో పెట్టాలి. హాల్ చూసుకున్నాడు, ఆ డీజేల మేనేజర్లతో కూడా మాట్లాడాడు.

తర్వాత లెక్క వేసుకున్నాడు. వాళ్ల ఫీజు, విమానం టికెట్లు, హాల్ అద్దె కలిపితే వేల డాలర్లు. అదంతా ముందే కట్టాలి. షో రోజు జనం వస్తే సరే. రాకపోతే? ఆ నష్టం మొత్తం ఈ కుర్రాడి నెత్తిన. అతని దగ్గర అంత డబ్బు లేదు, ఉన్నా పోగొట్టుకునే ధైర్యం లేదు. షో జరగలేదు.

మామూలుగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. డబ్బుల్లేక ఆగిపోయిన పనులు మనందరి దగ్గరా ఉంటాయి. మనం ఏమనుకుంటాం? డబ్బుంటే చేసేవాళ్లం అనుకుంటాం. పెర్రీ వేరే చోట ఆగాడు. ఈ షో జరగాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తున్నారు? డబ్బున్నవాడు. అసలు ఆ షో చూడాలనుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారా, ఎంతమంది ఉన్నారు, ఆ మాట ఎవరూ వాళ్లని అడగట్లేదు. వాళ్ల వంతు వచ్చేది అన్నీ అయిపోయాక, టికెట్ అమ్మేటప్పుడు. అప్పుడు అతనికి తట్టిన ఆలోచన ఇది: ముందే జనాన్ని అడిగితే? "ఈ షో జరిగితే నేను టికెట్ కొంటాను" అని ఒక వెబ్‌సైట్‌లో మాట ఇవ్వమంటే? సరిపడా మంది మాట ఇస్తే షో ఉంటుంది, అప్పుడే డబ్బు తీసుకుంటారు. సరిపోకపోతే షో లేదు, ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే.

వినడానికి చాలా మామూలుగా ఉంది కదా. నాకూ మొదట్లో "ఇందులో ఏముంది" అనిపించింది. కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

నలుగురి దగ్గరా కొంచెం కొంచెం పోగేసి ఒక పని చెయ్యడం కొత్త కాదు. మనకైతే అస్సలు కాదు. వినాయక చవితి వచ్చిందంటే కాలనీ కుర్రాళ్లు రసీదు పుస్తకం పట్టుకుని గేటు కొట్టేస్తారు. పెళ్లిలో చదివింపులు ఉంటాయి, ఫలానా వారు 516 రూపాయలు అని మైకులో పేరు చదువుతారు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' సినిమాకి గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. 10 లక్షలతో సినిమా తయారైంది, నిర్మాతలు ఆ రైతులే.

అమెరికాలో కూడా పాతదే. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ తెలుసు కదా, విగ్రహం ఫ్రాన్స్ ఇచ్చింది, కింద దిమ్మె మాత్రం అమెరికావాళ్లే కట్టుకోవాలి. దానికి డబ్బు చాలక పని ఆగిపోయింది. 1885లో జోసెఫ్ పులిట్జర్ తన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో విరాళాలు అడిగాడు. ఎంత తక్కువ ఇచ్చినా సరే, ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ పేపర్లో వేస్తానన్నాడు. మన చదివింపుల మైకు లాంటిదే, కాకపోతే అచ్చులో. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటింది. ఇచ్చినవాళ్లు లక్ష మందికి పైనే, వాళ్లలో ఎక్కువమంది ఇచ్చింది డాలర్ కంటే తక్కువ.

ఇంటర్నెట్ వచ్చాక కూడా పెర్రీ మొదటివాడు కాదు. 1997లో మారిలియన్ అనే బ్రిటిష్ బ్యాండ్‌ని అమెరికా రప్పించడానికి అభిమానులే ఆన్‌లైన్‌లో 60 వేల డాలర్లు పోగేశారు. 2003లో ఆర్టిస్ట్‌షేర్ అనే సైట్ వచ్చింది. అందులో అభిమానుల డబ్బుతో మరియా ష్నైడర్ చేసిన ఆల్బమ్‌కి 2005లో గ్రామీ వచ్చింది. ఇండీగోగో 2008 జనవరిలోనే మొదలైంది, కిక్‌స్టార్టర్ కంటే ఏడాది ముందు.

మరి పెర్రీ ఐడియాలో ప్రత్యేకం ఏంటి? 'అయితే' అనే మాట. చందాలో 'అయితే' ఉండదు. చందా ఇచ్చాం, విగ్రహం 10 అడుగులు పెట్టినా 3 అడుగులు పెట్టినా ఇచ్చింది ఇచ్చినట్టే. పెర్రీది షరతు. లక్ష్యం చేరితేనే డబ్బు కదులుతుంది. వంద శాతమా, సున్నానా. ఆర్థిక శాస్త్రంలో ఇలాంటి ఒప్పందాన్ని అష్యూరెన్స్ కాంట్రాక్ట్ అంటారు. పెర్రీ ఆ పుస్తకం చదివి కనిపెట్టలేదు. చేతిలో డబ్బు లేక, అప్పు నెత్తిన పడుతుందన్న భయంలోంచి అక్కడికి వచ్చాడు.

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో మీకు ఇష్టమైన ఒక ఇండీ బ్యాండ్ షో పెట్టాలనుకోండి. ఖర్చు 4 లక్షలు. టికెట్ 500. అంటే 800 మంది కావాలి. మామూలు పద్ధతిలో మీరు 4 లక్షలు ముందే కట్టి, షో రోజు గేటు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టుకోవాలి. 300 మందే వస్తే వచ్చేది లక్షన్నర, రెండున్నర లక్షలు పోయినట్టే. షరతు పద్ధతిలో 300 మందే మాట ఇస్తే షో రద్దు, మీకు పోయేది మీ టైమ్ ఒక్కటే. కొంచెం పరువు కూడా, అది వేరే సంగతి.

ఇది నిర్వాహకుడి వైపు. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది డబ్బు ఇచ్చేవాడి వైపు. చందా అడిగితే మనసులో ఏమనుకుంటాం? "నేను ఇస్తాను సరే, మిగతావాళ్లు ఇవ్వకపోతే? పని సగంలో ఆగిపోతే నా డబ్బు గోవిందా." అందుకే మొదట ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. అందరూ ఇంకొకళ్ల కోసం చూస్తారు. షరతు పెట్టగానే ఆ భయం పోతుంది. మిగతావాళ్లు ఇవ్వకపోతే నాదీ పోదు. కాబట్టి మొదటివాడు కూడా ధైర్యంగా మాట ఇస్తాడు. అంతేకాదు, మాట ఇచ్చినవాడు ఊరికే కూర్చోడు. షో జరగాలంటే ఇంకో 500 మంది కావాలి, కాబట్టి తన ఫ్రెండ్స్‌కి తనే లింకు పంపుతాడు. నిర్వాహకుడు ఒక్కడే తిరిగే పని 300 మంది పనైపోతుంది. కిక్‌స్టార్టర్ సొంత లెక్కల్లో కూడా ఇది కనిపిస్తుంది. అక్కడ పెట్టిన ప్రాజెక్టుల్లో మొత్తం మీద లక్ష్యం చేరేవి 40 శాతం దగ్గర ఉంటాయి. కానీ 20 శాతం దాటిన ప్రాజెక్టుల్ని మాత్రమే తీసుకుంటే వాటిలో ఎక్కువ భాగం గట్టెక్కుతాయి.

ఇప్పుడు మా షార్ట్ ఫిల్మ్ గుర్తు చేసుకోండి. 60 వేలకి 23,500. అంటే 39 శాతం. మా పోస్టర్ మీద "60 వేలు చేరకపోతే ఎవరి డబ్బు వాళ్లకి వాపస్" అని ఒక్క లైను ఉండి ఉంటే కథ రెండు రకాలుగా జరిగేది. ఒకటి, ఆ 41 మంది ఇంకో 60 మందిని తెచ్చేవాళ్లేమో. రెండు, తేలేకపోతే కెమెరా అడ్వాన్స్ కట్టే అవకాశమే మాకు ఉండేది కాదు. మా చేతులు మేమే కట్టేసుకునేవాళ్లం.

సరే, పెర్రీ దగ్గరికి వద్దాం. ఐడియా వచ్చింది 2002 లోపే. కిక్‌స్టార్టర్ మొదలైంది 2009 ఏప్రిల్ 28న. ఏడేళ్లు! స్టార్టప్ కథలు చెప్పేటప్పుడు మనం ఈ భాగాన్ని ఒక్క లైనులో దాటేస్తాం. "కట్ చేస్తే" అంటాం. నాకు ఆ కట్ లోపలే అసలు విషయం ఉందనిపిస్తుంది.

మొదటి మూడు నాలుగేళ్లు అతను దీని మీద గట్టిగా ఏమీ చెయ్యలేదు. కోడింగ్ రాదు, కంపెనీ పెట్టాలనీ లేదు. కానీ ఆలోచన మాత్రం పోలేదు. 2005లో న్యూయార్క్ తిరిగి వచ్చేశాడు. బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లో డైనర్ అనే రెస్టారెంట్‌లో వెయిటర్‌గా చేరాడు. అక్కడికి రోజూ వచ్చే కస్టమర్లలో యాన్సీ స్ట్రిక్లర్ ఒకడు, సంగీతం గురించి రాసే జర్నలిస్ట్. పరిచయం స్నేహమైంది, స్నేహంలో ఐడియా బయటికొచ్చింది. ఇద్దరూ కలిసి బోర్డు మీద గీతలు గీయడం మొదలుపెట్టారు. తర్వాత చార్ల్స్ ఆడ్లర్ అనే డిజైనర్ కలిశాడు. మొదట్లో డబ్బు పెట్టినవాళ్లలో డేవిడ్ క్రాస్ అనే కమెడియన్ ఉన్నాడు. గమనించారా? ఒక వెయిటర్, ఒక జర్నలిస్ట్, ఒక డిజైనర్, ఒక కమెడియన్. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ లేడు. బయట డెవలపర్లని పెట్టుకుని, సైట్ నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది.

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి నాకు మొదట నవ్వొచ్చింది. ప్రాజెక్ట్ పేజీ, ఒక మీటరు, ఒక గడువు, ఒక బటన్. వీకెండ్‌లో చేసెయ్యొచ్చు కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, కష్టం పేజీలో లేదు, ఆ 'అయితే'లో ఉంది. జనం దగ్గర మాట తీసుకోవాలి, డబ్బు తీసుకోకూడదు. నెల రెండు నెలల తర్వాత లక్ష్యం చేరితే, వేల కార్డుల నుంచి ఒకేసారి డబ్బు రావాలి. చేరకపోతే ఒక్క పైసా కదలకూడదు. మామూలు ఆన్‌లైన్ షాపింగ్‌కి తయారుచేసిన పేమెంట్ వ్యవస్థలు దీనికి పనికిరావు. అక్కడ కొన్నామా, కట్టామా, అంతే. ఆ రోజుల్లో అమెజాన్ పేమెంట్స్ ఆ సౌకర్యం ఇచ్చింది, కిక్‌స్టార్టర్ 2015 దాకా దాని మీదే నడిచింది. తర్వాత స్ట్రైప్‌కి మారింది.

మీలో ఐపీఓలకి అప్లై చేసేవాళ్లుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యూపీఐలో మ్యాండేట్ అప్రూవ్ చేస్తారు, డబ్బు మీ అకౌంట్లోనే ఆగి ఉంటుంది, షేర్లు వస్తే కట్ అవుతుంది, రాకపోతే వదిలేస్తారు. ఇదీ దాదాపు అలాంటిదే, చిన్న తేడా ఉంది. కిక్‌స్టార్టర్‌లో డబ్బు బ్లాక్ కూడా అవ్వదు. కార్డు వివరాలు భద్రంగా ఉంచి, గడువు రోజున లక్ష్యం చేరితే అప్పుడు ఛార్జ్ చేస్తారు. ఆ రోజు కార్డులో డబ్బు లేకపోతే సరిచేసుకోవడానికి కొన్ని రోజులు టైమ్ ఇస్తారు.

ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. 2002లోనే ఈ సైట్ పెట్టి ఉంటే పడుకునేది. ఎందుకంటే అప్పుడు లింకు ఎక్కడ షేర్ చేస్తారు? యూట్యూబ్ వచ్చింది 2005లో. ఫేస్‌బుక్ అందరికీ తెరిచింది 2006లో, ట్విట్టర్ కూడా అదే ఏడాది. మాట ఇచ్చినవాడు ఇంకో పదిమందికి చెప్పాలి అన్నదే కదా ఈ ఐడియాకి ఇంజిను. ఆ పదిమంది ఒకచోట దొరికే రోజులు రావడానికి ఏడేళ్లు పట్టింది. పెర్రీ అది ఊహించి ఆగాడని నేను అనను. ఆగాల్సి వచ్చింది, కలిసొచ్చింది.

మొదలైన రోజుల గురించి ఒక్క ముచ్చట. కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరిన మొట్టమొదటి ప్రాజెక్ట్ పేరు 'డ్రాయింగ్ ఫర్ డాలర్స్'. డబ్బిస్తే బొమ్మ గీసిస్తాను, అంతే ప్రాజెక్ట్. అడిగింది 20 డాలర్లు. వచ్చింది 35. ఇచ్చింది ముగ్గురు. అప్పటి రేటులో 1,700 రూపాయల చిల్లర! మా షార్ట్ ఫిల్మే నయం.

కంపెనీకి ఆదాయం ఎలా అంటే, లక్ష్యం చేరిన ప్రాజెక్టుల నుంచి 5 శాతం, పేమెంట్ ఖర్చులు వేరే. చేరకపోతే ఏమీ తీసుకోరు. అంటే షరతు వాళ్లకీ వర్తిస్తుంది, ప్రాజెక్ట్ ఓడిపోతే కంపెనీకి కూడా సున్నా. ఆ డ్రాయింగ్ ప్రాజెక్ట్ మీద 5 శాతం వేస్తే రెండు డాలర్లు కూడా రాదు. అక్కడి నుంచి 2014 మార్చి నాటికి ఆ సైట్‌లో జనం ఇచ్చిన మాటల మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది.

మధ్యలో పెద్ద మలుపు పెబుల్. ఎరిక్ మిజికోవ్‌స్కీ అనే కెనడా కుర్రాడు ఫోన్‌కి కలిసే వాచీ చెయ్యాలనుకున్నాడు. యాపిల్ వాచ్ రావడానికి మూడేళ్ల ముందు మాట. పెద్ద ఇన్వెస్టర్లు డబ్బు పెట్టలేదు. 2012 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లు అడిగాడు. రెండు గంటల్లో వచ్చేశాయి. గడువు అయ్యేసరికి కోటీ 2 లక్షల డాలర్ల పైన, 68,929 మంది. పెర్రీ అప్పట్లో అడిగిన ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఉండదు. కావాలనుకునేవాళ్లు ఉన్నారా లేదా అన్నది డబ్బున్నవాళ్లకి తెలియలేదు, జనాన్ని అడిగితే రెండు గంటల్లో తెలిసింది.

అయితే ఒక మాట చెప్పకపోతే ఈ ఎపిసోడ్ అడ్వర్టైజ్‌మెంట్ అయిపోతుంది. ఈ ఐడియాలో ఒక పెద్ద చిల్లు ఉంది. షరతు కాపాడేది లక్ష్యం చేరేదాకానే. చేరిన మరుక్షణం డబ్బు ప్రాజెక్ట్ వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వాళ్లు వస్తువు చేస్తారా, చెయ్యగలరా అన్నది మళ్లీ నమ్మకమే. కచేరీకి ఈ గొడవ తక్కువ. డీజేలు ఉన్నారు, హాల్ ఉంది, వచ్చి వాయించాలి అంతే. కానీ ఇంకా పుట్టని మెషీన్‌కి అలా కాదు. వేల్స్‌లో ఒక కంపెనీ జానో అనే చిన్న డ్రోన్ చేస్తామని 12 వేల మందికి పైగా జనం దగ్గర 23 లక్షల పౌండ్లు తీసుకుంది. 2015 నవంబర్‌లో మూతపడింది. చాలామందికి డ్రోన్ రాలేదు, డబ్బూ రాలేదు. ఏం జరిగిందో తేల్చమని కిక్‌స్టార్టర్ ఒక జర్నలిస్టుకి డబ్బిచ్చి మరీ రిపోర్ట్ రాయించింది. అదే ఏడాది పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఈథన్ మోలిక్ చేసిన సర్వేలో, డబ్బు చేరిన ప్రాజెక్టుల్లో 9 శాతం ఇస్తామన్నది ఇవ్వలేదని తేలింది. అంతకు చాలా ముందే, 2012లో, "మాది షాపు కాదు" అని కిక్‌స్టార్టర్ ప్రకటించుకుంది. నిజమే, షాపు కాదు. కానీ బటన్ నొక్కేవాడికి అది షాపులాగే కనిపిస్తుంది, అదీ ఇబ్బంది.

ఇంకో గొడవ ఓక్యులస్. 2012లో వీఆర్ హెడ్‌సెట్ కోసం జనం 24 లక్షల డాలర్లు ఇచ్చారు. 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని 200 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. మొదట నమ్మి డబ్బిచ్చినవాళ్లకి అందులో వాటా లేదు, చాలామందికి మండింది. రూల్ ప్రకారం రాదు, ఎందుకంటే వాళ్లు కొన్నది వాటా కాదు. మన దేశంలో కూడా ఈ తేడా గుర్తుంచుకోండి. బహుమతికో, విరాళంగానో ఇవ్వడం వేరు. "మా యాప్‌లో వెయ్యి పెట్టండి, కంపెనీలో వాటా ఇస్తాం" అనడం వేరు. వాటాల క్రౌడ్‌ఫండింగ్ మీద సెబీ 2014లో ఒక చర్చా పత్రం తెచ్చింది, 2016లో అనుమతి లేని ఇలాంటి ప్లాట్‌ఫామ్‌ల గురించి ఇన్వెస్టర్లని హెచ్చరించింది. అలాంటి మెసేజ్ వస్తే ముందు ఆగండి.

మన వైపు సినిమా వాళ్లు కూడా ఈ దారి పట్టారు. కన్నడలో పవన్ కుమార్ 2013లో వచ్చిన 'లూసియా'కి ప్రేక్షకుల దగ్గరే సుమారు 50 లక్షలు సమకూర్చుకున్నాడు. తెలుగులో 2018లో వచ్చిన ఫణీంద్ర నర్సెట్టి 'మను' కూడా జనం డబ్బుతో తీసిందే. నవ్వొచ్చే విషయం ఏంటంటే, మా షార్ట్ ఫిల్మ్ పోస్టర్ వెనకాల ఉన్న ఇన్‌స్పిరేషన్ అదే. వాళ్లని చూసి అడగడం నేర్చుకున్నాం. అడిగాక ఎప్పుడు ఆగాలో నేర్చుకోలేదు.

పెర్రీ తర్వాత ఏమయ్యాడంటే, 2014లో సీఈఓ పదవి స్నేహితుడు యాన్సీకి ఇచ్చాడు, తర్వాత మళ్లీ కొన్నాళ్లు వచ్చి చేశాడు. 2015లో కిక్‌స్టార్టర్‌ని పబ్లిక్ బెనిఫిట్ కార్పొరేషన్‌గా మార్చారు. అంటే లాభంతో పాటు సమాజానికి చేస్తామన్న మేలు కూడా చట్టప్రకారం చూడాల్సిన కంపెనీ. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ.

ఇప్పుడు నా ఎక్సెల్ షీట్ సంగతి. పాత మెయిల్‌లో వెతికితే దొరికింది. 41 పేర్లు, 41 నంబర్లు. గత మూడు వారాల్లో 29 మందికి వాళ్లు పంపింది వాళ్లకి తిరిగి పంపేశాను. నలుగురు తీసుకోమన్నారు. ఎనిమిది నంబర్లు పనిచెయ్యట్లేదు. మా మిగతా ముగ్గురు ఫ్రెండ్స్‌కి చెబితే ఇద్దరు తమ వంతు వేశారు, ఒకడు "ఇన్నేళ్ల తర్వాత ఎందుకురా" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, ఆ కామెంట్ రాకముందు నేనూ అదే మాట అనేవాణ్ణి.

జూనియర్‌కి మాత్రం ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 500 పంపుతానంటే వద్దే వద్దన్నాడు. ఆ తీసుకోమన్న నలుగురిలో వాడూ ఒకడు. "డబ్బులు ఏం చేసుకుంటానన్నా, ఆ రెండు రోజులు తీసిన ఫుటేజ్ ఉందా? క్యాంటీన్ సీన్‌లో వెనకాల బల్ల దగ్గర నేను కూర్చున్నాను. అది పంపు చాలు" అన్నాడు.

వాడు ఆ సీన్‌లో ఉన్నాడని నాకు గుర్తే లేదు. హార్డ్ డిస్క్ ఊళ్లో మా ఇంట్లో, అటక మీద ఏదో అట్టపెట్టెలో ఉండాలి. ఈ ఆదివారం వెళ్తున్నాను. అది ఇంకా పనిచేస్తుంటే, వచ్చే ఎపిసోడ్ చివర్లో ఆ క్యాంటీన్ సీన్ పెడతాను.